లక్షలో మూడువందల తొంభై

అశోక్ నగర్‌లో ఎవరైనా నోరు జారితే ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రెండు రోజుల టైముంటుంది. మూడో రోజుకు అది జిరాక్సయిపోతుంది. ఎవడో ఒకడు నోట్సులో రాసుకుంటాడు, పక్కవాడు అడిగి తీసుకుంటాడు, నచ్చిన చోట గీత గీస్తాడు, గీత గీసిన ముక్క బిట్టవుతుంది. బిట్టయిందంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో మంచానికి మంచం ఆనించుకుని సర్కారు కొలువు కోసం చదివే వేలమంది పిల్లలు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దాన్ని వల్లె వేస్తుంటారు.

ఈ సంగతి సంయుక్తకు తెలియక కాదు. పుట్టింది చిక్కడపల్లిలో, పెరిగింది చిక్కడపల్లిలో, యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం పాఠాలు చెప్పడానికి రోజూ విద్యానగర్ మీదుగా పోయి సాయంత్రానికి తిరిగొచ్చేదీ చిక్కడపల్లికే. అయినా తన మాట కూడా ఒకనాడు బిట్టవుతుందని ఆమె అనుకోలేదు. ఆకాశం మాటలు ఎవరిక్కావాలి?

2012 జూన్ నెలాఖరు శనివారం. తన విద్యార్థులకు ఇవ్వాల్సిన ప్రశ్నపత్రం కాపీలు తీయించుకుందామని అశోక్ నగర్‌లో పీరయ్య జిరాక్స్ షాపుకు పోయింది. కౌంటరు మీద పేర్చిన కట్టల్లో పై కట్ట మీద తన పేరు కనబడింది. "సంయుక్త మేడం, సైంటిస్ట్. వాతావరణ మార్పు: 40 ముఖ్యమైన బిట్లు." ముందు సంతోషమే వేసింది. ఎందుకు దాచాలి, మనిషన్నాక వేస్తుంది. కాగితం చేతిలోకి తీసుకుని మురిపెంగా చదువుకుంది. సౌర కుటుంబంలో అన్నిటికన్నా వేడి గ్రహం ఏది? శుక్రుడు, బుధుడు కాదు. బాగుంది. శుక్రుడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత? తొంభై ఆరు శాతం. భేష్. శుక్రుడు మళ్ళీ సూర్యుడికి అడ్డం వచ్చేది ఎప్పుడు? 2117లో. అదీ సరే.

పదకొండో బిట్టు దగ్గర చూపు ఆగిపోయింది. "మన భూమి గాలిలో కార్బన్ డయాక్సైడ్: లక్షలో 390 భాగాలు."

"లక్షలో కాదు, పది లక్షల్లో," అంది పైకే. తర్వాత ఒళ్ళు మండింది. "పీరయ్యన్నా, ఇది ఎవరు రాసిన్రు? తప్పు రాసిన్రు. నా పేరు పెట్టి తప్పు రాస్తే ఎట్ల?"

పీరయ్య మిషన్ మూత దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సందులో కాగితాలు తీస్తున్న మనిషి, మేడంల కోపాలు ఆయనకు కొత్త కాదు. "ఎవరో ఒక్కరు రాసింది కాదు మేడం. నలుగురి నోట్సులు తెప్పిచ్చి, పక్కపక్కన పెట్టి చూసి కొట్టించిన. అందరి దాంట్ల గదే ఉండె."

నలుగురూ ఒకే తప్పు రాయరు. ఆ ముక్క తట్టగానే సంయుక్త కోపం దిగిపోయింది, దాని జాగాలో భయం ఎక్కింది.

జూన్ ఆరో తారీఖు పొద్దున శుక్రుడు సూర్యుడి ముఖం మీదుగా నల్ల చుక్కలాగా నడిచిపోయాడు. అశోక్ నగర్‌లోని ఇంద్రసేన స్టడీ సర్కిల్ డాబా మీద మూడు వందల మంది పిల్లలు వంతులవారీగా నల్లటి కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చుక్కను చూశారు. ఆ ఏర్పాటంతా సంయుక్తదే. పదేళ్ళుగా ఆమె జనానికి చంద్రుణ్ణి చూపించింది, శని చుట్టూ ఉన్న వలయాలు చూపించింది. చూసినవాళ్ళు "అబ్బ" అని ఇళ్ళకు పోయేవాళ్ళు. ఈసారి అబ్బతో వదలకూడదని పట్టుబట్టింది. చుక్క సూర్యుణ్ణి దాటిపోయాక అందరినీ కింద హాల్లో కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. ఆ చుక్క మన భూమికి అక్కలాంటిది, ఒడ్డూ పొడుగూ మనంతే, కానీ ఒంటినిండా కార్బన్ డయాక్సైడ్ దుప్పట్లు కప్పుకుని సీసం కరిగేంతగా ఉడికిపోయింది, మనం శుక్రుడంత కాకపోయినా మన దుప్పటి మనమే మందం చేసుకుంటున్నాం అని చెప్పింది. ఇక్కడ మనం కాల్చే బొగ్గు ఎక్కడో మన కంటికి కనబడని మనిషి పంట మీద పడుతుంది, కనబడడు కాబట్టే మనకు నొప్పి తెలియదు అని కూడా చెప్పింది.

అంతా తెలుగులో చెప్పింది. అక్కడే వచ్చింది తంటా. తెర మీద ఇంగ్లీషులో 390 పీపీఎం అని ఉంది, అంటే మిలియన్‌కు అన్ని భాగాలు. లెక్కలన్నీ మిలియన్లలో చేసి, ఇంటి మాటలన్నీ లక్షల్లో మాట్లాడే మనిషి ఆమె. నాలుక మిలియన్‌కు తెలుగు వెతుక్కుంటూ పోయి లక్ష దగ్గర ఆగింది. "లక్షలో మూడు వందల తొంభై భాగాలు" అంది. ఆ మాట తన గొంతుతోనే ఇప్పుడు చెవిలో వినిపిస్తోంది. ఒక సున్న ఎగిరిపోయింది. పిడికెడు సంగతిని గంపెడు చేసి మూడు వందల మందికి పంచిపెట్టింది.

"ఎన్ని పోయినయ్ ఇవి?"

"ఆరొందల దాంక పోయుంటయ్. ఇంద్రసేన సార్ గూడ ఒకటి తెప్పిచ్చుకుండు, మొన్న టెస్టుకు ముందల."

సంయుక్త ప్రశ్నపత్రం సంగతి మరిచిపోయింది. తెచ్చిన కాగితం కౌంటరు మీదే వదిలేసి రోడ్డెక్కింది. స్టడీ సర్కిల్ నాలుగు సందుల అవతల. ఆటో ఎందుకు అనుకుని నడిచింది, సగం దూరం పోయాక ఆటో ఎక్కి ఉంటే బాగుండేది అనుకుంది. పుస్తకాల షాపు ముందు ఇద్దరు పిల్లలు ఒకరికొకరు బిట్లు అప్పజెప్పుకుంటుంటే, వాళ్ళ నోట లక్ష అన్న మాట ఎక్కడ వినబడుతుందోనని అడుగులు ఇంకా పెద్దవి చేసింది.

ఇంద్రసేన ఒకప్పుడు కాలేజీ లెక్చరర్. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. ప్రతి ఏడూ జూన్‌లో ఒక పరీక్ష పెట్టి మొదటి ఇరవై మందికి ఆరు నెలలు ఉచితంగా చదువు, హాస్టలు, తిండి ఇస్తాడు. ఆ ఇరవై సీట్ల కోసం వెయ్యి మంది రాస్తారు. ఈ ఏటి పరీక్ష మంగళవారం అయింది, నిన్ననే మార్కులు బోర్డు మీద అంటించారు.

సంయుక్త చెప్పింది విని ఆయన సొరుగులోంచి ప్రశ్నపత్రం తీశాడు. "మీ స్పీచ్ మీద గౌరవంతోని పది బిట్లు దాంట్లకెల్లి పెట్టిన మేడం." నలభై ఏడో ప్రశ్న వేలితో చూపించాడు. భూమి గాలిలో 390 భాగాల కార్బన్ డయాక్సైడ్ ఎంతలో? వెయ్యి, లక్ష, పది లక్షలు, కోటి. కీలో లక్షకు టిక్కుంది.

"తప్పు సార్. తప్పు నాదే. మార్చాలె."

"మారుద్దాం. అబ్జెక్షన్లకు ఇయ్యాల సాయంత్రం ఐదింటి దాంక టైముంది. కాకపోతే మీరు కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టాలె. నేను నా అంతట నేను కీ మార్చిన్నంటే రేపు పొద్దుగాల్ల నా గేటు ముందర ధర్నా చేస్తరు." ఆయన లేచి బోర్డు మీది లిస్టు కాపీ తెచ్చి ముందు పెట్టాడు. "కని ఒకటి చూడున్రి. పైన పందొమ్మిది మందికి శానా మార్కులున్నయ్, వాళ్ళకేం ఫరక్ పడదు. ఇరవయ్యో నంబరు రమ్య, ఎనభై ఒకటి. ఇరవై ఒకటో నంబరు కుమారస్వామి, ఎనభై." ఇద్దరి జవాబు పత్రాలూ వెతికి తీశాడు. రమ్య లక్ష నింపింది. కుమారస్వామి పది లక్షలు నింపాడు. "కీ మారితే ఆ పిల్ల ఎనభైకి దిగుతది, ఈయన ఎనభై ఒకటికి ఎక్కుతడు. ఆమె సీటు ఆయనకు పోతది."

సంయుక్తకు రమ్య గుర్తుంది. ఎట్లా మరిచిపోతుంది? ఉపన్యాసం అయ్యాక అందరూ సర్టిఫికెట్ ఇస్తారా అని అడుగుతుంటే ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి వేరే మాట అడిగింది. జనగామ దిక్కు ఊరు. "మా ఊర్ల బోర్లన్ని ఎండిపోయినయ్ మేడం. అది గూడ మీరు చెప్పిందేనా, లేకుంటే మేమే ఎక్కువ తోడుకున్నమా?" అని. పదేళ్ళలో తనను ఎవరూ అంత నిజాయితీ గల ప్రశ్న అడగలేదని ఆ రాత్రి సంయుక్త ఇంట్లో చెప్పుకుంది కూడా. తనను నమ్మి తను చెప్పింది చెప్పినట్టు రాసిన పిల్ల. ఆ పిల్లనే ఇప్పుడు తన సంతకంతో బయటికి నెట్టాలి.

ఆమె ముఖం చూసి ఇంద్రసేన ఇంకో దారి చెప్పాడు. "ఇంకొకటి చెయ్యొచ్చు. ప్రశ్ననే తీసేద్దాం. అచ్చు తప్పు అని నోటీసు పెడ్త. ఇద్దరికి ఎనభయ్యే అయితది. సమానం వచ్చినప్పుడు వయసు పెద్దోళ్ళకు ఇచ్చుడు మా రూలు. రమ్య నాలుగు నెలలు పెద్దది. సీటు ఆమెకే ఉంటది, మీ పేరు గూడ బయటికి రాదు. ఐదింటికి నోటీసు పెట్టేస్త, సరేనా?"

"సరే," అంది సంయుక్త. ఆలోచించకుండానే అనేసింది. అని గబగబా మెట్లు దిగింది, ఆయన మళ్ళీ ఏమైనా అడుగుతాడేమోనని.

తేలికగా ఉండాల్సింది. ఉండలేదు. ఇంటికి పోదామని చిక్కడపల్లి వైపు తిరిగి, ఇంటికి పోయి ఏం చేయాలని నారాయణగూడ వైపు నడిచింది. దారిలో బత్తాయి రసం తీసుకుని రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. చౌరస్తాలో రోడ్డు దాటి, ఎందుకు దాటిందో తెలియక మళ్ళీ ఇటువైపే వచ్చింది. అమ్మ ఫోన్ చేసి అన్నానికి వస్తున్నావా అని అడిగితే వస్తున్నానంది, పోలేదు. తప్పు సరిదిద్దాను కదా అని ఒకసారి అనుకుంది. తప్పు ప్రశ్న తీయించేశాను, ఇంకేం చేయాలి అని ఇంకోసారి అనుకుంది. ఎన్నిసార్లు అనుకున్నా ఆ మాట నిలబడటం లేదు.

కుమారస్వామికి ఒక ముఖం పెడదామని చూసింది. సన్నగా ఉంటాడా? అద్దాలుంటాయా? ఏమీ తెలియదు. తన ఉపన్యాసానికి వచ్చినవాడో కాదో కూడా తెలియదు. ముఖం లేని మనిషి కాబట్టే సరే అనడం అంత సుళువైందని, ఆరో తారీఖున తను మైకు పట్టుకుని మూడు వందల మందికి నీతులు చెప్పింది సరిగ్గా దీని గురించేనని తెలిసినప్పుడు సంయుక్తకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కనీసం ఆ పిల్లకైనా నిజం చెప్పాలి అనుకుంది. ఒప్పుకోవడం, ఓదార్పు రెండూ అయిపోతాయి. సీటుకేం ఢోకా లేదని చెబితే సంతోషిస్తుంది, ఆ సంతోషం చూస్తే తనకూ కాస్త నెమ్మదిస్తుంది. మనసులో ఆశ ఇదే.

నాలుగు గంటలకు చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో రమ్య దొరికింది. లోపల కుర్చీలు దొరకని పిల్లలు గోడ వారగా, చెట్ల కింద, మెట్ల మీద ఎక్కడ పడితే అక్కడ పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. రమ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంయుక్తను చూసి లేవబోయింది. సంయుక్త వద్దని తనే పక్కన నేల మీద కూలబడింది.

"రమ్యా, నీతోని జర మాట్లాడాలె. ఆ రోజు నేను ఒక తప్పు చెప్పిన. లక్షల మూడొందల తొంభై అన్న. లక్ష కాదు..."

"పది లక్షలు. తెల్సు మేడం."

"పీరయ్య చెప్పిండా?"

"లేదు మేడం. మీరు చెప్తున్నప్పుడే తెల్సు. డిగ్రీల చదివిన. తెర మీద పీపీఎం అని ఉండె, మీ నోట్లకెల్లి లక్ష అని వచ్చింది."

సంయుక్త ఆమె వైపు తిరిగింది. "మరి చెయ్యెత్తి చెప్పకపోయినవా?"

"మూడొందల మంది రాసుకుంటున్నరు. సార్ పక్కనే నిల్సుండు. ఊరి నుంచి వచ్చిన పిల్ల సైంటిస్టును తప్పంటే నవ్వరా మేడం?" రమ్య తప్పు చేసినట్టు కాదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "తర్వాత మీ దగ్గరికి వచ్చిన గదా, అప్పుడు గూడ చెప్దామనుకున్న. భయమైంది. బోర్ల సంగతి అడిగిన."

"మరి పరీక్షల లక్ష ఎందుకు పెట్టినవ్?"

"కీల లక్షే ఉంటదని. సార్ మీ స్పీచ్‌కెల్లి బిట్లు ఇస్తడని అందరికి ఎరుకే. నిజం ఏందో గది మేము పెట్టం మేడం. కీల ఏముంటదో గది పెడ్తం. రెండేండ్ల సంది ఈడ నేను నేర్చుకున్నది గదే."

తనను నమ్మి రాసిన పిల్ల అని పొద్దుటి నుంచి సంయుక్త కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది, ఆ ఒక్క ఊరటా పోయింది. ఆ పిల్ల తనను నమ్మలేదు. తన తప్పు పట్టుకుని, ఆ తప్పును ఎక్కడ వాడుకోవాలో అక్కడ వాడుకుంది. కోపం రావాల్సిన చోట కోపం కూడా రాలేదు. చెప్పదలుచుకున్న మిగతా ముక్క ఎట్లాగో చెప్పేసింది.

"ఏమైనా సరే, నీ సీటుకేం కాదు. సార్ ఆ ప్రశ్ననే తీసేస్తున్నడు. నీకు, కుమారస్వామికి సమానం అయితది. నువ్వు పెద్దదానివి కాబట్టి సీటు నీకే."

రమ్య ముఖంలో సంతోషం వచ్చింది. రాలేదని అనడానికి లేదు. కళ్ళు ఒక్కసారి వెలిగాయి. ఆ వెంటనే చేతిలో పుస్తకం మూసేసింది.

"తీసేయమని మీరు చెప్పిన్రా మేడం?"

"సార్ అడిగితే సరే అన్న."

"కుమారస్వామి మా బ్యాచే. పరీక్ష రాసి బయటికి వచ్చినంక నాతోని కొట్లాడిండు. తెల్సి తెల్సి లక్ష ఎట్ల పెట్టినవని. కీల గది ఉంటే నీ మార్కు పోతది చూడు అన్న నేను. పోతే పోనీ, పది లక్షలను లక్ష అని ఎట్ల రాస్తం అన్నడు." రమ్య మూసిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "నేను తెల్సి తప్పు పెట్టిన. ఆయన తెల్సి ఒప్పు పెట్టిండు. మీరేమో తెల్సి కొట్టేయమన్నరు."

గొంతు పెంచలేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. సంయుక్త ముఖం చెవుల దాకా కాలిపోయింది. క్లాసులో, సెమినార్లలో, పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు మాట పడ్డది, ఏనాడూ ఇంత సిగ్గుపడలేదు. కుమారస్వామికి ఇప్పుడు గొంతు వచ్చింది, కొట్లాడే మనిషి అని తెలిసింది. ఇక అతన్ని ఎవరో అని అనుకోవడం కుదరదు.

"సీటు పోతే ఏం చేస్తవ్?" అని అడిగింది చివరికి.

"ఊరికి పోవుడే. ఒకసారి పోతే మళ్ళ పంపరు మా ఇంట్ల. మా తమ్ముని కాలేజి చదువు మొదలయితది ఈ ఏడు."

"మరి చెప్పు, నన్నేం చేయమంటవ్?"

రమ్య తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కిందికి మాత్రం రానివ్వలేదు. "నన్ను అడగకున్రి మేడం. నన్ను అడిగితే సీటు ఉంచమనే అంట."

సంయుక్త లేచింది. గేటు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి పుస్తకం మళ్ళీ తెరుచుకుని కూర్చుని ఉంది. పేజీ మాత్రం తిప్పడం లేదు.

కవాడిగూడ పోయే ఆటో ఒకటి ఖాళీగా వస్తుంటే ఆపి, అశోక్ నగర్ అని ఎక్కింది. సందు మొదట్లో ట్రాఫిక్ ఆగిపోయింది. కాసేపు కూర్చుంది, కూర్చోలేక దిగి నడిచింది, నడక చాలక పరుగులాంటిదేదో పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కేసరికి ఐదుకు ఏడు నిమిషాలుంది. ఇంద్రసేన నోటీసు రాసి సంతకం కోసం ముందు పెట్టుకుని ఉన్నాడు. "అచ్చు తప్పు కారణంగా నలభై ఏడో ప్రశ్న తొలగించడమైనది."

"అచ్చు తప్పు కాదు సార్. ఒక తెల్లకాగితం ఇవ్వున్రి."

ఆయన ఇచ్చాడు. సంయుక్త నిలబడే రాసింది. జూన్ ఆరో తారీఖు ఉపన్యాసంలో నేను లక్ష అని చెప్పడం తప్పు. పది లక్షలు అన్నదే సరైన జవాబు. ప్రశ్నలో దోషం లేదు, తీసేయకూడదు. పది లక్షలు అని రాసిన వాళ్ళకు మార్కు ఇవ్వాలి. తప్పు పూర్తిగా నాది. కింద పేరు, ఉద్యోగం, యూనివర్సిటీ పేరు వివరంగా రాసి సంతకం పెట్టింది. ఇది బోర్డు మీద అంటిస్తే సోమవారానికల్లా జిరాక్సయి డిపార్ట్‌మెంటు దాకా వస్తుందని ఆమెకు తెలుసు.

ఇంద్రసేన రెండుసార్లు చదివాడు. తన నోటీసు చించి బుట్టలో వేశాడు. లిస్టు దగ్గరికి లాక్కుని ఎర్ర కలంతో ఇరవయ్యో నంబరు ముందున్న పేరు కొట్టేసి, పక్కన కుమారస్వామి పేరు నెమ్మదిగా రాశాడు.

"పాపం, ఆ పిల్లకు ముందుగాల్ల ఒక మాట చెప్తే బాగుండు మేడం."

"ఆమె దగ్గరికెళ్ళే వస్తున్న."

ఆయన తలెత్తాడు. "అంటే ఆమెనే రాయమన్నదా ఇట్ల?"

"లేదు సార్," అంది సంయుక్త. "సీటు కావాలన్నది."

ఇంద్రసేన ఆమె రాసిన కాగితం, లిస్టు తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.